నాగులేటి విక్రమ్

జ్యోతిర్మయి టీ గ్లాసుల పళ్ళెంతో ముందు గదిలోకి వచ్చేసరికి ఆమె భర్త హర్ష ఫోన్‌లోంచి చదివి వినిపిస్తున్నాడు.

"'కాలనీకని వచ్చిన మంచినీళ్ళ ట్యాంకు పెద్దాయన వెంచర్ పక్కకి పోతోంది. బిందెలు మోసే ఆడవాళ్ళని ఎవరూ అడగలేదు.' ఇదీ నాన్నా వాడు రాసింది. పొద్దుట్నించి ఆరొందల మంది షేర్ చేశారు."

"ఎవడు వాడు?" అన్నాడు సాంబశివరావు. ఆయన ఆ ఊరికి రెండుసార్లు సర్పంచిగా చేశాడు. ఊళ్ళో పెద్దాయనంటే ఆయనే. గొంతు పెంచి మాట్లాడే అలవాటు లేదు.

"నాగులేటి విక్రమ్ అంట. మనూరి వాడినేనంటాడు. ఈ పేరుతో మనకెవరూ లేరు."

జ్యోతిర్మయి ఒక్కొక్కరి ముందూ గ్లాసు పెట్టింది. మామ ముందు పెట్టేటప్పుడు టీ కొద్దిగా తొణికింది. పైట చెంగుతో తుడిచి వంటింట్లోకి వచ్చి గట్టు పట్టుకుని నిలబడింది.

ఆ విక్రమ్ ఆమే.

ఆరేళ్ళ కిందట పెళ్ళయి కారంపూడి పక్కనున్న ఈ ఊరికొచ్చిన నెలకే, మనింటి ఆడవాళ్ళ ఫోటోలు అందులో ఎందుకని హర్ష ఆమె ఫేస్‌బుక్ తీయించేశాడు. నర్సరావుపేటలో బీఎస్సీ చదివినప్పటి స్నేహితులందరూ దాంతోపాటే పోయారు. ఏడాదిపాటు ఊరుకుంది. తర్వాత ఒక మధ్యాహ్నం, అందరూ మిరప కల్లం దగ్గరికెళ్ళినప్పుడు, మగ పేరుతో ఒక ఖాతా తెరిచింది. బైక్ మీద వీపు మాత్రం కనపడేలా కూర్చున్న ఎవరిదో ఫోటో పెట్టింది.

విక్రమ్‌కి ముప్పై రెండేళ్ళు. ఎత్తిపోతల జలపాతానికి ఒక్కడే బండేసుకుని వెళ్తాడు. మాచర్లలో మార్నింగ్ షో చూసి బస్టాండులో టీ తాగుతాడు. పంటల గురించీ కరెంటు గురించీ ఏదన్నా అంటే నలుగురూ వింటారు. "నువ్వు చెప్పింది కరెక్ట్ అన్నా" అని మొదటిసారి ఎవరో రాసినప్పుడు జ్యోతిర్మయి ఆ మాటని పదిసార్లు చదువుకుంది. ఆ ఇంట్లో ఆమెతో ఎవరూ అలా అనలేదు. అయిదేళ్ళలో తొమ్మిది వేలమంది చేరారు. అంట్లు తోముతున్నా బట్టలు ఆరేస్తున్నా, విక్రమ్ ఈ రోజు ఎక్కడికెళ్ళాడో అనుకుంటూ ఉండేది.

ట్యాంకు సంగతి మొన్న ఆదివారం ముందు గదిలో అందరికీ టీ ఇస్తూ విన్నది. రాయకుండా ఉండాల్సింది. పెట్టిన తర్వాత తీసేయాలని కూడా అనుకుంది. కానీ అప్పటికే కాలనీ నుంచి కృపాదానం అనే ముసలాయన, "మా తరఫున అడిగినోడివి నువ్వొక్కడివే నాయనా" అని రాసి ఉన్నాడు. అది చూశాక తీసేయడానికి ఆమెకి చేతులు రాలేదు.

ముందు గదిలో మాటలు వినిపిస్తూనే ఉన్నాయి.

"ఆదివారం ఈ గదిలో ఎవరెవరున్నాం?" అన్నాడు సాంబశివరావు.

"మనం అయిదుగురం," అన్నాడు యల్లమంద. ఆయన ఇరవయ్యేళ్ళుగా ఈ ఇంటి మనిషి. "ఇంకా ఆ సెల్‌షాపు మహమూద్. వైఫై బాగుచేయడానికొచ్చి ఆ మూల కూర్చున్నాడు."

"పిలుచుకురా," అన్నాడు సాంబశివరావు.

జ్యోతిర్మయి తలుపు దగ్గరకి వచ్చింది. ఆదివారం తను కూడా ఆ గదిలో ఉందని ఎవరికీ గుర్తు రాలేదు. గుర్తొస్తే ఏమవుతుందో ఊహించుకోడానికే భయమేసింది.

పావుగంటలో మహమూద్‌ని తీసుకొచ్చారు. అతనికి పాతికేళ్ళుంటాయి. ఆమె ఫోన్ పగిలినప్పుడల్లా, "రేపిస్తాలే అక్కా," అని చెప్పి ఆ రోజే ఇచ్చే మనిషి. ఇప్పుడు కింది పెదవి చిట్లి ఉంది. జ్యోతిర్మయి తలుపు సందులోంచి చూసింది.

"నాకేం తెలవదు బాబాయ్. అమ్మతోడు," అంటున్నాడు. "నేనసలు మీ మాటలు వినలేదు."

"ఫోన్ తెరువ్," అన్నాడు హర్ష.

యల్లమంద ఆ ఫోన్ తీసుకుని చూస్తున్నాడు. "ఇందులో లేదు. ఇంకో ఫోన్ ఎక్కడ దాచావురా?" అంటూ చెంప మీద కొట్టాడు. ఆ చప్పుడుకి జ్యోతిర్మయి కళ్ళు మూసుకుంది.

జాకెట్లోంచి ఫోన్ తీసింది. 'మహమూద్‌ని వదిలెయ్యండి, రాసింది అతను కాదు' అని కొట్టి, పంపబోతూ ఆగింది. మహమూద్ ఇక్కడున్నాడని విక్రమ్‌కి ఎట్లా తెలుసని వెంటనే అడుగుతారు. ఈ ఇంట్లో మనిషేనని తెలిసిపోతుంది. గబగబా చెరిపేసింది. ఇంకేం రాయాలో తోచలేదు. విక్రమ్ మామూలుగా రాసేదే రాసింది: 'మాచర్ల బస్టాండులో ఉన్నా. ఎండ చానా ఎక్కువగా ఉంది. టీ తాగి బయల్దేరతా.'

ముందు గదిలో హర్ష ఫోన్ మోగింది. విక్రమ్ ఏది పెట్టినా తెలిసేలా పెట్టుకున్నాడు.

"నాన్నా, వాడు ఇప్పుడే పెట్టాడు. ఈ నిమిషంలోనే. మాచర్ల బస్టాండులో ఉన్నాడంట."

"మరి వీడి ఫోన్ నా చేతిలోనే ఉందే," అన్నాడు యల్లమంద.

మహమూద్ ఏడుస్తున్నాడు. వదిలేశారు. పోయేటప్పుడు సాంబశివరావు, "మనసులో పెట్టుకోబాక," అన్నాడు. ఆమె ఊపిరి తీసుకునేలోపే హర్ష మాట వినపడింది.

"మాచర్లలో మన మనిషి సుధీర్ బాబుకి ఫోన్ చేస్తా. బస్టాండులో బైకేసుకుని ఒక్కడే టీ తాగేవాణ్ణి పట్టుకోమంటా."

ఇంకెవడో, ఏ పాపం తెలియనివాడు, ఆ టైములో అక్కడ టీ తాగుతూ ఉంటాడు. తనొక మనిషిని తప్పించి ఇంకొక మనిషిని చూపించింది. 'బయల్దేరాను' అని మళ్ళీ పెడదామని జ్యోతిర్మయి ఫోన్ ఎత్తింది.

"ఎవరికే?"

వెనక దొడ్డి గుమ్మంలో అత్త సుబ్బరత్నం నిలబడి ఉంది. ఎంతసేపట్నించి ఉందో తెలియదు. దగ్గరికొచ్చి, కోడలి చేతిలోంచి ఫోన్ తీసుకుంది. కళ్ళు చికిలించి చూసింది. బైక్ మీద మనిషి బొమ్మ, పక్కన పేరు. ఆమెకి తెలుగు చదవడం వచ్చు.

"అత్తయ్యా..."

"నోరు ముయ్యి." సుబ్బరత్నం గొంతు బాగా తగ్గించి అంది. "ఈ రాతలన్నీ నువ్వేనా?"

జ్యోతిర్మయి తలూపింది.

"వాణ్ణయితే నాలుగు కొట్టి వదిలారు. నీకట్టా ఉండదు. నువ్వు ఎవరితో ఏం మాట్లాడావో, ఎన్నాళ్ళ నించో, ఎవడికోసమో అంటారు. నువ్వెన్ని చెప్పినా వినరు. నిన్ను గేటు బయట నిలబెట్టి మీ నాన్నకి ఫోన్ చేస్తారు." ఫోన్ తిరిగి ఇచ్చింది. "తుడిపెయ్."

"ముందు ఒక మాట పెట్టనివ్వండి. అక్కడ ఎవర్నో కొడతారు."

సుబ్బరత్నం ముందు గది వైపు చూసింది. తలుపుకి అడ్డంగా వచ్చి నిలబడింది. "కానీ. తొందరగా."

'బస్సెక్కేశా. హైదరాబాద్ వెళ్తున్నా. ఇక సెలవు' అని పెట్టింది జ్యోతిర్మయి. తర్వాత ఖాతా తీసేయమని నొక్కింది. ముప్పై రోజుల్లో పూర్తిగా పోతుందని, ఈలోపు ఎప్పుడైనా తిరిగి రావచ్చని వచ్చింది. ముప్పై రోజులు ఇంకా బతికే ఉంటుందన్నమాట, ఎవరైనా తవ్వితే దొరుకుతుందన్నమాట అనుకుంది.

మాచర్లలో ఎవరూ దొరకలేదని సాయంత్రం తెలిసింది. రెండు రోజుల తర్వాత మహమూద్ షాపుకి తాళం వేసి పిడుగురాళ్ళలో బావమరిది దగ్గరికి వెళ్ళిపోయాడు. జ్యోతిర్మయి అతనికి ఏమీ చెప్పలేకపోయింది. ట్యాంకు గొడవ మండలం దాకా పోయింది. కొలతలకి ఎవరో ఇంజనీరు వస్తాడన్నారు, ఇంకా రాలేదు.

ఆ తర్వాత హర్ష ఫోన్ మోగిన ప్రతిసారీ ఆమె చేతిలో పని ఆపి వినేది. తన ఫోన్ ఎక్కడ పెట్టినా, తిరిగొచ్చేసరికి ఎవరో చూసి పెట్టినట్టనిపించేది. పగలు పనంతా అయ్యాక చేతులు ఖాళీగా ఉండేవి. విక్రమ్ లేని మధ్యాహ్నాలు ఎంత పొడుగో అప్పుడు తెలిసింది. అత్త మాత్రం ఆ విషయం మళ్ళీ ఎత్తలేదు. ఎప్పుడెత్తుతుందోనని అదొక భయం.

ఇరవై ఆరో రోజు మధ్యాహ్నం, అన్నం తింటూ హర్ష అన్నాడు. "ఆ విక్రమ్ గాడు మళ్ళీ కనపడలా. భయపడి పారిపోయుంటాడు."

"మనకేంది వాడితో," అన్నాడు సాంబశివరావు. "పెరుగు వెయ్యమ్మాయ్."

జ్యోతిర్మయి గిన్నె ఎత్తింది. గరిటె అంచుకి తగిలి టకటకమంది. చప్పుడు ఆపుదామంటే ఆగలేదు. పక్కన కూర్చుని తింటున్న సుబ్బరత్నం ఎంగిలి చెయ్యి కడుక్కుని లేచింది. కోడలి చేతిలోంచి గిన్నె తీసుకుంది.

"నువ్వు లోపలికి పోయి కూర్చో," అని, తనే వడ్డించింది.