దూడల మీద నింద

డీఎన్ఏ పరీక్ష జెల్ మీద గీతలు తేలేదాకా మహతి కుదురుగా కూర్చోలేకపోయింది. శ్రీకాకుళంలోని ఆ చిన్న ల్యాబులో అటూ ఇటూ తిరుగుతూనే ఉంది.

కడుపులో చేరే పరాన్నజీవుల మీద ఆమె పరిశోధన. కోటబొమ్మాళి దగ్గర ఒక ఊళ్ళో పిల్లలకు నీళ్ళ విరేచనాలు పట్టుకుని వదలడం లేదు. ఒకరు తేరుకుంటే ఇంకొకరు మంచమెక్కుతున్నారు. ఆ ఊరి కుమారి కూతురికి ఆస్పత్రిలో సెలైన్లు ఎక్కుతున్నాయి. పాలమ్ముకునే తవిటమ్మ దూడలకూ పారుడు పట్టడంతో ఊరంతా వాటినే తప్పుబట్టింది. మైక్రోస్కోపులోనూ పిల్లల మలంలో, దూడల పేడలో ఒకేలాంటి గుండ్రటి క్రిములు. కంటికి తేడా లేదు. ఉంటే గింటే డీఎన్ఏలోనే తెలియాలి.

ఫోన్ మోగింది. తవిటమ్మ.

"తల్లీ, సర్పంచి గణపతిరావు బావ నా దూడల్ని అమ్మీమంటన్నాడు. పొద్దున్నే బండొస్తాది. నీ మిషను ఏటి సెప్పింది?"

"ఇంకా తేలలేదు పిన్నీ."

ఫోన్ పెట్టేశాక కూడా ఆ గొంతు ఆమెను వదల్లేదు. చివరికి గీతలు తేలాయి. పిల్లల శాంపిళ్ళన్నీ ఒక తీరు, దూడలవి వేరే తీరు. మహతికి నమ్మకం చిక్కక మళ్ళీ మొదటినుంచీ చేసింది. అదే ఫలితం. తెల్లారగానే బస్సెక్కింది.

ఆమె వెళ్ళేసరికి దూడల్ని బండిలోకి ఎక్కిస్తున్నారు.

"ఆపండి! పిల్లల్లో ఉన్నది మనుషుల నుంచి మనుషులకు అంటుకునే రకం. దూడల్లో ఉన్నది అది కాదు."

గణపతిరావు మొహం చిట్లించాడు. "అయితే పిల్లలకి ఎక్కడినించొస్తంది?"

"తాగే నీళ్ళలో మనుషుల మలం కలుస్తోందనిపిస్తోంది."

"టాంకీలో బ్లీచింగ్ ఏయిస్తన్నాం గదమ్మా!"

"ఈ క్రిమి బ్లీచింగ్‌కి లొంగదండీ. నీళ్ళు మరగబెట్టాల్సిందే."

అప్పుడే ఆస్పత్రి నుంచి బట్టలకోసం వచ్చిన కుమారి ముందుకొచ్చింది. "మా కొళాయి నీళ్ళు వాసనొస్తన్నాయని ఎన్నిసార్లు సెప్పినాను మావా? ఇన్నావా? మా ఇంటి ముందు కాలవ కాడ తవ్వించి సూడు."

గణపతిరావు తల దించుకుని మనుషుల్ని పిలిపించాడు. మరుగుదొడ్ల నీళ్ళు పారే కాలవ అడుగున కొళాయిల పైపు పగిలి ఉంది. బండి ఖాళీగా వెళ్ళిపోయింది.

పైపు మార్చారు. ఇంటింటా నీళ్ళు మరగడం మొదలైంది. ఒక్కొక్కరే కోలుకున్నారు. అయినా మహతికి మనసు నిలవలేదు; మళ్ళీ శాంపిళ్ళ కోసం ఊరికొచ్చింది.

తవిటమ్మ వాకిట్లో కుమారి చెంబుతో నిలబడి ఉంది. మునుపు దూడల్ని అందరికంటే ఎక్కువ తిట్టింది ఆమే. తవిటమ్మ ఆమె మొహం చూడకుండానే పాలు పోసింది. పోశాక అడిగింది.

"పిల్లకి ఎలాగున్నాది?"

"లేచి తిరుగుతన్నాది పిన్నీ," అంది కుమారి.

తవిటమ్మ ఇంకొంచెం పాలు వంచింది.