వేళ్లకు తెలిసిన పాస్‌వర్డు

ఆ కంటి ఆసుపత్రిలో టేపుల అక్కను ఎరగనివాళ్లు లేరు. పన్నెండేళ్లుగా అక్కడికొచ్చిన ప్రతి కంటి కొలతలనూ సాయంత్రానికల్లా టేపు మీదికెక్కించి, బీరువాలో పెట్టి తాళం వేసేది ఆవిడే. ఆ టేపు దొంగ ఎత్తుకుపోయినా వాడికి అందులో అర్థంలేని గోల తప్ప ఏమీ దొరకదు. రాసేటప్పుడే టేపు తిప్పే డ్రైవు అన్నిటినీ రహస్య లిపిలోకి మార్చేస్తుంది. తిరిగి చదవాలంటే ముప్ఫై రెండు అక్షరాల పాస్‌వర్డు కావాలి. దాన్ని ఎక్కడా రాసుకోలేదని అక్కకు మహా గొప్ప.

రాసి కవర్లో పెట్టి ఇమ్మని పెద్ద డాక్టరమ్మ ఆర్నెల్ల క్రితమే అడిగింది. అక్క కవరు తెచ్చి, లక్క వేసి మరీ ఇచ్చింది. లోపల పెట్టింది మాత్రం తెల్లకాగితం. కవరు ఎవరైనా చింపితే ఏం గతి, తన తలకాయైతే ఎవరూ చింపలేరు కదా అని ఆవిడ లెక్క. ఎంత తెలివో చూడండి.

సోమవారం పొద్దున కొలతలన్నీ ఉండే సర్వరు చేతులెత్తేసింది. బయట ఇరవై రెండు మంది ఆపరేషనుకు సిద్ధమై, కళ్లలో చుక్కలు వేయించుకుని కూర్చున్నారు. కొలతలు లేనిదే ఎవరి కంట్లో ఏ లెన్సు పెట్టాలో తెలియదు. కొత్త సర్వరొచ్చింది గానీ, పాత టేపు డ్రైవు వెడల్పాటి కేబులుకు సరిపోయే సాకెట్టు దానికి లేదు. మెకానిక్ స్క్రూ బాబాయి చచ్చిన సర్వర్లోంచి పాత కార్డు పీకి కొత్తదాంట్లో దూర్చాడు. అయినా డ్రైవు కనపడలేదు. డ్రైవు వెనక బిగించాల్సిన చిన్న మూత ఒకటి లేదన్నాడు. అది లేకపోతే అంతా సరిగ్గా ఉన్నా యంత్రానికి డ్రైవు ఉన్నట్టే తెలియదట. గదంతా గాలిస్తే, పొద్దున డ్రైవు విప్పినప్పుడు ఊడిపడినదాన్ని ఎవరో ఎత్తిపెట్టగా, కుంటుతున్న టీ బల్ల కాలి కింద దొరికింది. బాబాయి దాన్ని తుడిచి బిగించగానే డ్రైవు గుర్రుమంది. గదిలో అందరూ చప్పట్లు కొట్టారు.

తెర పాస్‌వర్డు అడిగింది. అక్క ధీమాగా కుర్చీ లాక్కుని, కీబోర్డు మీద చేతులు పెట్టి, అలాగే ఉండిపోయింది. మొదటి అక్షరమే గుర్తు రావడం లేదు.

ఐదుసార్లు తప్పు కొడితే డ్రైవు ఆ రహస్య లిపిని విప్పే తాళంచెవిని తనలోంచి చెరిపేసుకుంటుంది. ఇక ఆ టేపుల్ని ఎవరూ చదవలేరు. అక్క మూడుసార్లు కొట్టింది, మూడూ తప్పే. డాక్టరమ్మ కవరు చింపి, తెల్లకాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇదేంటమ్మా?"

"భద్రత మేడం," అంది అక్క నేల చూపులు చూస్తూ.

"ప్రతి శుక్రవారం పాత టేపు చదివి చూస్తావుగా, అప్పుడెలా కొడతావు?" అన్నాడు బాబాయి.

అప్పుడు వెలిగింది అక్కకు. శుక్రవారం సరిగ్గా పదింటికి చెల్లెలు ఫోను చేస్తుంది. ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించి అక్క పోట్లాడుతూ, నవ్వుతూ ఉంటే, వేళ్లు వాటి పని అవి చూసుకునేవి. పాస్‌వర్డు తలలో లేదు, వేళ్లలో ఉంది.

"అంతేనా," అని బాబాయి గొంతు సన్నం చేసి, "ఏమే అక్కా, అన్నం తిన్నావా," అని మొదలెట్టాడు. అక్కకు నవ్వాగలేదు. వేళ్లు కీబోర్డు మీద పొర్లాయి. నాలుగోసారీ తప్పే.

ఇక ఒక్కటే మిగిలింది. అసలు చెల్లెలికే ఫోను చేయాలి. చిక్కల్లా, మొన్న శనివారం నుంచి చెల్లెలికి అక్కతో మాటల్లేవు. రెండు నెలలు కూర్చుని అల్లిన శాలువాను అక్కకిచ్చింది. తీరా చూద్దామని వస్తే, అది దుమ్ము పడకుండా టేపు డ్రైవు మీద కప్పి ఉంది.

అక్క ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించింది. వేళ్లు కీబోర్డు మీద పెట్టింది.

"చెప్పండి," అంది చెల్లెలు.

ఆ 'అండి' అక్క గుండెల్లో గుచ్చుకుంది. "అండీ ఏంటే? నేను పరాయిదాన్నా?"

"నా శాలువా మీ మిషనుకి వెచ్చగా ఉందా అండి?"

"ఉంది. చాలా వెచ్చగా ఉంది. విను. పన్నెండేళ్లుగా నేను ప్రాణంలా చూసుకునేది ఈ డొక్కుదాన్నే. నా దగ్గరున్న వాటిల్లో బాగున్నది నువ్విచ్చిన శాలువా. అది దీనికి కాక దేనికి కప్పమంటావు? నీకు చెప్పకపోవడం తప్పే. నువ్వు మాట్లాడకపోతే ఈ రెండు రోజులూ నాకు ముద్ద దిగలేదే."

అవతల ముక్కు చీదిన చప్పుడు. "పిచ్చిమొహమా, దానికి జలుబు చేస్తుందా? దానికి వేరే గుడ్డ కుట్టిస్తాను. శాలువా తీసి నువ్వు కప్పుకో."

"రంగు మాత్రం మంచిది చూడు, మన డ్రైవుగాడు ఎర్రగా ఉంటాడు," అంది అక్క, కళ్లు తుడుచుకోవడానికి చెయ్యెత్తబోతూ. ఇద్దరూ ఒకేసారి పకపకా నవ్వారు.

బాబాయి అక్క భుజం తట్టాడు. టేపు తిరుగుతోంది. తెర మీద పేర్లు, కొలతలు ఒకదాని వెనక ఒకటి వస్తున్నాయి. ఎప్పుడు కొట్టిందో, ఏం కొట్టిందో అక్కకే తెలియదు. డాక్టరమ్మ మొదటి రోగిని లోపలికి పిలవమని నర్సుకు చెప్పింది.

మధ్యాహ్నానికి కొత్త కవరు తెచ్చి అక్క ముందు పెట్టింది. "ఈసారి నా ముందే రాయి."

అక్క చాలాసేపు ఆలోచించింది. తల మళ్లీ ఖాళీ. శాలువా భుజాల మీద సర్దుకుని, కలం తీసి, చెల్లెలి ఫోను నంబరు రాసి కవరు అంటించింది.