వరి స్పీడు

కోత మిషన్ చేలో దిగి ఒక చుట్టు తిరిగొచ్చేసరికే భీమక్కకు కడుపు మండిపోయింది. సోయా నేలకు దగ్గరగా కూడా కాస్తుంది. మిషన్ బ్లేడు జానెడు ఎత్తున పోయింది. అడుగు కాయలన్నీ మోళ్లకే మిగిలాయి. పోనీ కోసిందైనా దక్కిందా అంటే అదీ లేదు. ట్రాక్టరులో పోసిన కుప్పలో చెయ్యి పెట్టి దోసెడు తీసి చూసింది. సగానికి సగం బద్దలు. నిండుగా కనిపించే గింజను గోటితో నొక్కితే తొక్క చిట్లి ఉంది.

పరుగెత్తి మిషన్‌కు ఎదురుగా నిలబడింది. నడిపేవాడు బ్రేకు వేశాడు. పేరు బద్యా, టేకులపల్లి దిక్కు తండావాడు.

"జరుగు అక్కా! నాకు తిట్లు పడతయి."

"విత్తనం గింజ ఇయ్యమంటే పప్పు జేసి ఇస్తున్నవేంది తమ్మీ?"

"నేనేం జెయ్యాలె? ఇది వరికి పెట్టిన స్పీడు. సోయాకైతే డ్రమ్ము నెమ్మదిగ తిరగాలె, బ్లేడు నేలకాడికి దిగాలె. మార్చాలంటే పూట పడతది. మళ్ల వరికి మార్చాలంటే ఇంకో పూట. మిషన్ ఓనరు రాంబాబు సారు వద్దన్నడు. ఇయ్యాల మీది, పక్క గూడెంది అయిపోగొట్టి రేపు మధిర పోవాలె."

"మధిరోళ్ల వరిని సరిగ్గ కోస్తవు. మా పంట గిట్ల నాశనమైనా పర్వాలేదా?"

బద్యా తల దించుకున్నాడు. "ఆళ్లు ఊకోరు అక్కా. మీరు ఊకుంటరు."

ఆ మాట ఆమెకు చెంపదెబ్బలా తగిలింది. నిజమే కదా! ఊరుకోవడం ఈ గూడేనికి బాగా అలవాటు. ఊరుకోనిది ఒంటరి ఆడమనిషి మీదనే.

గూడెంలో ఏటా తొలకరి ముందు విత్తనాల పండుగ చేస్తారు. ఇంటింటి నుంచి విత్తనం తెచ్చి ఊరి తల్లి ముందు ఒకే బుట్టలో పోస్తారు. పెద్దమనిషి లచ్చయ్య కలిపి, ఇంటికో పిడికెడు తిరిగి పంచుతాడు. దాన్ని ఇంట్లో విత్తనంలో కలుపుకుని చల్లుకుంటారు. ఈసారి అందరి చేలూ గుంటలు గుంటలుగా మొలిచాయి. భీమక్క చేను ఒక్కటే నిండుగా మొలిచింది. ఇంకేం, నోళ్లకు పని దొరికింది. మొగుడు పోయి ఏడాది తిరగకుండానే బుట్ట ముట్టుకున్నదనీ, అందరి విత్తనం సత్తువ తన చేలోకి లాక్కున్నదనీ అన్నారు. అప్పటి నుంచి ఆమె చేలోకి బదులు పనికి ఒక్కరూ రాలేదు. వస్తే ఈ మిషన్ మొహం చూడాల్సిన ఖర్మ ఆమెకు పట్టేదే కాదు. కిందటేడు తను, తన మొగుడు కొడవలితో కోసి, కర్రలతో కొట్టుకున్నారు. మిగతా గూడెమంతా రాంబాబు మిషన్‌తో కోయించింది.

అసలు సంగతి ఇన్నాళ్లకు తెలిసొచ్చింది. దోసెడు గింజలు కొంగులో పోసుకుని చేను గట్టుకు నడిచింది. తమ వంతు కోసం గూడెం జనమంతా అక్కడే కూర్చుని ఉన్నారు. లచ్చయ్య ముందు కొంగు విప్పింది.

"చూడు పెద్దయ్యా! మీ విత్తనం సత్తువ నేను గుంజుకోలేదు. ఆ మిషన్ పగలగొట్టింది."

"బద్దలన్నీ ఏరి పారేసే విత్తినం గదా!" అంది పొరుగింటి యశోద.

"ఏరంగ మిగిలిన గింజ నొక్కి చూడు."

యశోద నొక్కింది. తొక్క ఊడి వచ్చింది. ఆమె మొహం పాలిపోయింది.

వెనక నుంచి జంపయ్య అరిచాడు. "అయితే ఏంజేద్దాం? మిషన్‌ను ఎల్లగొడితే మళ్ల రాదు. రెండెండలు పడితే కాయ పగిలి గింజ రాలిపోతది!"

"పోయేది పోనీ, ఉన్నది కోసుకుందాం," అన్నారు ఇంకొందరు.

"కోసుకోని ఏం విత్తుతరు?" అరిచింది భీమక్క. "వచ్చేయేడు ఎవల మీద నింద ఏస్తరు? ఇంకో ముండమోపిని ఎతుకుతరా?"

లచ్చయ్య గింజలు ఒక్కొక్కటే నొక్కి చూశాడు. తప్పయింది బిడ్డా అంటాడేమోనని ఆమె చూసింది. ముసలాయన అనలేదు. లేచి వెళ్లి మిషన్ చక్రం ముందు చతికిలబడ్డాడు. ఆ ఒక్క మాట అంటే ఆయన సొమ్మేం పోయేదో! జనం ఒకరి వెనక ఒకరు వెళ్లి కూర్చున్నారు. జంపయ్య గొణుక్కుంటూనే కూర్చున్నాడు.

కబురందుకుని రాంబాబు కారులో దిగాడు.

"ఏందిరా లొల్లి? బద్యా, స్టార్ట్ చెయ్!"

"స్పీడు మార్చి కొయ్యాలె," అన్నాడు లచ్చయ్య. "గప్పుడే లేస్తం."

"అడివిలో బతికేటోళ్లకు సెట్టింగులు కూడా కావాలా? మిషన్ వచ్చిందని సంతోషపడండి!"

"సంతోషం మొలుస్తదా?" అంది యశోద. జనం గొల్లున నవ్వారు. రాంబాబు మొహం కందగడ్డ అయింది.

"బద్యా, నీకు చెప్తున్నది వినపడతలేదా? నీ బతుకుతెరువు పోతది!"

బద్యా ఇంజన్ ఆపాడు. కిందికి దిగాడు.

"మా తండల గూడ సోయా ఏసిర్రు సార్. స్పీడు మార్చకుంటే నేను నడప."

వెళ్లి భీమక్క పక్కన కూర్చున్నాడు.

ఆ పూటకే పోలీసు జీపు వచ్చింది. మిషన్ ఆగిపోయిందంటే ఎంత తొందరగా వచ్చారో! ఎస్సై ఎవరినీ ఏమీ అడగలేదు. రాంబాబు వేలు చూపించిన భీమక్కనూ బద్యానూ జీపెక్కించాడు. అడ్డం వచ్చినవాళ్లను కానిస్టేబుళ్లు లాఠీలతో తోశారు. రాంబాబు తెచ్చిన కొత్త డ్రైవరు మిషన్‌ను అదే స్పీడుతో పక్క గూడేనికి తోలుకుపోయాడు.

ఇంతేనా అనిపించింది భీమక్కకు. ఏడుపు ముంచుకొచ్చింది. జీపులోంచి అరిచింది. "నా చేను ఒక్క చుట్టే కోసిర్రు పెద్దయ్యా!"

లచ్చయ్య లాఠీ తగిలిన భుజం పట్టుకుని జీపు దగ్గరికి వచ్చాడు. "ముందు నీ చేనే కోస్తం బిడ్డా, కొడవళ్లతోని. తర్వాత మాయి. ఈసారి బుట్టల మొదటి పిడికెడు నీదే పడాలె."

జీపు కదిలింది. యశోద ఫోను చెవికి ఆనించుకుని ఎవరితోనో గట్టిగా మాట్లాడుతోంది. ఆమె పుట్టిల్లు పక్క గూడెమే.

దుమ్ముగూడెం పోలీసు ఠాణాకు పోయే దారి పక్క గూడెం నడుమ నుంచే పోతుంది. అక్కడికి చేరేసరికి జీపుకు తోవ లేదు. రోడ్డు మధ్యలో మిషన్ ఆగి ఉంది. దాని ముందు ముసలీ ముతకా, పిల్లల తల్లులూ బారుగా కూర్చున్నారు. కిందటేటి చిట్లిన విత్తనం అరచేతుల్లో పెట్టుకుని జీపు వైపు చాపారు.

"ఈళ్లు గూడ ఊకోలేదు అక్కా," అన్నాడు బద్యా.

ఎస్సై తిట్టుకుంటూ దిగాడు. భీమక్కను ఎవరూ దిగమనలేదు. ఆమె దిగింది. నడిచి వెళ్లి ఆ వరసలో చోటు చేసుకుని కూర్చుంది.