కడియానికి వేలాడిన పడవ

నేను ఒక లాకును. గోదావరి కాలువ ఒక్కసారిగా మనిషి లోతు కిందికి దిగే చోట, పడవలను దించడానికీ ఎక్కించడానికీ నన్ను కట్టారు. గానుగ సున్నంతో కట్టిన రెండు రాతి గోడలు, రెండు చివర్లా జంట టేకు తలుపులు. ఆ తలుపులు ఎగువకు ముక్కులా పొడుచుకొని కలుస్తాయి. నీరు ఎంత తోస్తే అంత బిగుస్తాయి. లోపలి నీరూ బయటి నీరూ సమమయ్యేదాకా ఏనుగు తోసినా తెరుచుకోవు. ఇంత చిన్న సంగతి మనుషుల బుర్రకు ఎక్కదు. వచ్చిన ప్రతివాడూ "ఇంకెంతసేపయ్యా" అనే అంటాడు. అంత తొందరగా వెళ్ళి చేసేది ఎక్కువగా పేకాట.

ఒక సాయంత్రం నాటకాల వాళ్ళ పడవ వచ్చింది. ఆలస్యమైందని రాజు వేషగాడు కిరీటంతో సహా తయారై కూర్చున్నాడు. పడవ ఊగితే మీసం చెదురుతుందట. పడవవాడు పెంటయ్య పొగాకు కోసం గట్టెక్కగానే, మేనేజరు పానకాలరావు అది ఊగకుండా తాడును నా గోడలోని ఇనుప కడియానికి బిగించి ముడేశాడు. దించే పడవను అలా కట్టకూడదు. నా తలుపులూ తూములూ నడిపే లస్కరు ఇమాం సాహెబు చూసుకోవలసింది. ఆయన నీళ్ళు బయటికి వదిలే దిగువ తూములు ఎత్తేసి, రాజుగారిని పద్యం పాడమని బతిమాలుతున్నాడు.

నీరు దిగింది. పడవ దిగలేదు. ఒక పక్క తాడుకు వేలాడి ఒరిగిపోయింది. పద్యం కేకైంది.

"కిరీటం వదిలి గుంజ పట్టుకోండి రాజుగారూ," అంది లోపల వంట చేస్తున్న పెంటయ్య భార్య నూకాలమ్మ. పొయ్యి మీద నీళ్ళు గుమ్మరించింది.

ఇమాం సాహెబు పరుగెత్తి తూములు దించాడు.

"తాడు కోసెయ్," అన్నాడు పానకాలరావు. "అవతల జనం కూర్చున్నారు."

"కొయ్యకండి బాబూ. దభీమని పడి పలకలిడిపోతాయి. మళ్ళీ నీళ్ళెక్కించండి. మీకు నాటకం పోద్ది, మాకు కొంప పోద్ది," అంది నూకాలమ్మ.

నిజమే. వాళ్ళు పుట్టినా చచ్చినా ఆ పడవలోనే. వేరే ఇల్లు లేదు.

"దిగువన లాంచీలో ఇంజనీరుగారు కాచుకొని ఉన్నారు. ఆయనకేం చెప్తావ్?" అన్నాడు పానకాలరావు లస్కరుతో.

"ఏం చెప్తానండీ, తిడతారు," అన్నాడు ఇమాం సాహెబు. "నూకాలమ్మా, కదలకుండా కూకో." వెళ్ళి ఎగువ తూములు ఎత్తాడు.

నీరు మెల్లగా ఎక్కింది. పడవ తనంతట తానే నిటారైంది, తాడు వదులైంది. పెంటయ్య వచ్చి ముడి విప్పి, తాడు చేత్తో పట్టుకొని వదులుతూ దింపించుకున్నాడు. లాంచీ కూత పెడుతూనే ఉంది. ఇంజనీరు తిట్టాడు. పానకాలరావు తప్పంతా తాడుదే అన్నాడు.

తరవాత రోడ్డు పడింది, పడవలు పోయాయి. ఇప్పుడు నా తలుపులు కదలకుండా బోల్టులు బిగించి, నీలం రంగు పూసి, చారిత్రక కట్టడమని బోర్డు పెట్టారు. తెరుచుకోని తలుపుకు చరిత్ర అని పేరు. జనం ఆనుకొని ఫోటోలు దిగుతారు. చేతికి రంగు అంటితే నన్నే తిడతారు.

వీళ్ళందరినీ నిండుగా ఏవగించుకుందామనే చూస్తాను. కానీ ఆ సాయంత్రం దిగువ తలుపులు తెరుచుకొని పడవ బయటికి జారుతున్నప్పుడు, నూకాలమ్మ చెయ్యి చాచి నా తడి పలకను రెండుసార్లు తట్టింది, దుక్కి నుంచి తిరిగొచ్చిన ఎద్దును తట్టినట్టు. నేను చేసిందేమీ లేదని ఆమెకు తెలియదు. ఆ అరచేయి ఇప్పటికీ అడ్డొస్తోంది.