ఎడమ బూటు బయటి అంచు

అరిగిన మడమ చూసి మనిషి నడక చెప్పగల చెప్పుల వ్యాపారి, సొంత కూతురి బూట్ల దగ్గర బోల్తా పడ్డాడు. ఫుట్‌బాల్ ఆడే పిల్ల. ఆరు నెలల్లో మూడు జతలు మార్చింది. మూడింటిలోనూ ఎడమ బూటు బయటి అంచే అరిగింది. సరుకు నాసిదని తేల్చి, మూడు జతలూ చేసినవాడికే తిప్పి పంపాడు. నాలుగో జతకు ఆ అంచున తనే తోలుముక్క అతికించాడు.

రెండేళ్ళ కిందట ఆ ఎడమకాలి చీలమండే బెణికింది. వాపు తగ్గింది, ఇక ఖాతా మూసినట్టే అనుకున్నారు. ఆ తర్వాత నాలుగైదుసార్లు మెలికపడ్డా పిల్ల దులుపుకుని లేచేది.

ఆదివారం ఫైనల్. ఆడాలంటే ఫిజియో సరేననాలి.

"బూట్లు విప్పి, ఆ పెట్టె మీంచి ఎడమకాలి మీదకి దూకమ్మా" అంది ఫిజియో.

పిల్ల దూకింది. తూలకుండా నిలబడింది.

"చూశారా అమ్మా, రాయిలా నిలబడింది!" అన్నాడు తండ్రి ఫిజియోతో.

"రాయి కాదండీ. ఇది చూడండి."

ఆమె ఫోనులో తీసిన ఆ దూకడమే నెమ్మదిగా కదిలింది. పాదం నేలకు ఆనకముందే బయటి అంచు కిందికి వాలిపోతోంది. అంతలోనే తుంటి వెనక్కి వంగి, ఒళ్ళంతా పక్కకు ఒరిగి, బరువును గాల్లోనే అందుకుంటోంది.

"చీలమండ మీద ఒంటికి నమ్మకం పోయింది. దాని పని తుంటి చేస్తోంది. అందుకే కుడికి మళ్ళాలంటే ఒక అడుగు ఎక్కువ పడుతోంది."

వ్యాపారి ఫోను అందుకుని మళ్ళీ చూశాడు. ముప్పై ఏళ్ళ దుకాణంలో, ఒక పనివాడు చేతులెత్తేస్తే ఇంకొకడు అడక్కుండా, అరవకుండా వాడి పని నెత్తికెత్తుకోవడం ఆయన ఎన్నడూ చూడలేదు. యజమానికే తెలియకుండా రెండేళ్ళు! ఈ ఒప్పందం ఎవరు కుదిర్చారు?

"ఆడలేక మద్దెల ఓడంటారు. నువ్వు మద్దెలనే మూడుసార్లు వాపసు పంపావు నాన్నా!" పిల్ల నవ్వింది. నవ్వు నిలవలేదు. "ఇన్నాళ్ళు మోసిన తుంటి ఆదివారం ఒక్కరోజు మోయదా?"

బేరం తనలాగే ఆడుతోంది. ఆయనకు ఒప్పుకోబుద్ధయింది.

"మోస్తుంది తల్లీ. మోసేవాడే కదాని మూట మీద మూట వేస్తే నడుం విరుగుతుంది. ఆదివారం ఇద్దరం బెంచీ మీద కూర్చుందాం."

"నిన్నెవరు కూర్చోనిస్తారు?"

"బూట్లు మోసేవాణ్ణని చెబుతా."

జట్టు ఒక్క గోలు తేడాతో ఓడింది. మూడు రోజులు పిల్ల ఆయనతో మాట్లాడలేదు. నాలుగో రోజు ఫిజియో చెప్పిన సాధన మొదలుపెట్టింది.

ఎనిమిదో వారం. దుకాణంలో డబ్బాల వరుసల మధ్య, మెత్తటి దిండు మీద, కళ్ళు మూసుకుని ఎడమకాలిపై నిలబడింది పిల్ల. ముప్పై లెక్కపెట్టడం తండ్రి పని. ఆయన నేలమీద చతికిలబడి ఆ పాదాన్నే చూస్తున్నాడు. వేళ్ళు దిండును పట్టుకుంటున్నాయి, వదులుతున్నాయి. చర్మం కింద నరాలు తీగల్లా లేచి అణుగుతున్నాయి. చీలమండ వణికి, ఒరగబోయి, తనంతట తనే నిటారుగా వస్తోంది. తుంటి కదల్లేదు.

"ఎంతయింది నాన్నా?"

పదకొండు దగ్గరే ఆయన లెక్క ఆగిపోయింది.

"నాన్నా! ముప్పై దాటలేదా ఇంకా?"

"మాట్లాడకు. దాని పని దాన్ని చేసుకోనీ."