తేటనీళ్లలో ఆల్చిప్పలు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా బడిలో అందరికీ తెలుసు. ఆ కోపం సరిగ్గా తగలాల్సిన చోట తగిలింది మాత్రం జీవితంలో ఒక్కసారే. అదీ నాకే తగిలింది.

కర్నూలు రాజధాని అయిన మరుసటి ఏడు అక్కడి ఆడపిల్లల హైస్కూల్లో సైన్సు టీచరుగా చేరాను. అప్పట్లో ఆ ఊళ్లో ఉద్యోగం దొరికేది గానీ ఇల్లు దొరికేది కాదు. ఆఫీసులే గుడారాల్లో నడిచేవి. కడప నుంచి ట్రంకుపెట్టెతో దిగిన నాకు, పటాలకు ఫ్రేములు కట్టే రసూల్ సాహెబ్ తన ఇంటి వసారా పక్క గది అద్దెకిచ్చాడు. ఆయన భార్య మౌలాబీ. ఆమె పిల్లలందరికీ పెళ్లిళ్లయి ఎవరి ఊళ్లకు వాళ్లు వెళ్లిపోయారు. అందువల్ల ఆమె ప్రేమంతా నా మీద పడింది. "టీచరమ్మా, తిన్నావా?" అని ఆమె రోజుకు నాలుగుసార్లు అడిగేది. నాలుగోసారికి నేను విసుక్కునేదాన్ని.

మా హెడ్మిస్ట్రెస్ మంచి మనిషే. కానీ సైన్సంటే ఆమెకు గిట్టదు. "లేబరేటరీ లేదు, సామాను లేదు. ఆ గంట కూడా కుట్టుపనికిస్తే పిల్లలకు ఒక విద్యయినా వస్తుంది" అని పైకి రాసేసింది. ఆగస్టు చివర్లో ఇన్‌స్పెక్ట్రెస్ గారు వచ్చి, చూసి, తేలుస్తారని జవాబొచ్చింది. నాలుగో ఫారంలోని, అంటే తొమ్మిదో తరగతిలోని, నా పదకొండు మంది పిల్లలు సైన్సు చదవాలో, కాజాలు కుట్టాలో ఆ ఒక్క పూటలో తేలిపోతుందన్నమాట. పైగా ఆ కుట్టు గంట నేనే తీసుకోవాలట. నేను కుట్టిన గుండీ ఇంటి నుంచి బడికి వచ్చేలోపే ఊడిపోతుంది.

సామాను కొనడానికి బడి దగ్గర ఏమీ లేదు. తుంగభద్ర దగ్గర ఉంది. జులై మొదటి వారంలో, ఏటికి కొత్తనీరు రాకముందే, పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్లాను. మోకాటిలోతు నీళ్లలో ఇసుకను కాళ్లతో తడుముతూ పన్నెండు ఆల్చిప్పలు పట్టాం. మామిడికాయ చెక్కు తీసే చిప్పగా తప్ప, దాన్ని ప్రాణమున్న జీవిగా మా పిల్లల్లో ఎవరూ చూడలేదు. రెండు చిప్పల సందులోంచి తెల్లటి కాలు బయటికి చాచి అది ఇసుకలోకి దిగుతుంటే, ఎప్పుడూ నోరు మెదపని పిల్ల కూడా నా చెయ్యి పట్టుకుని లాగింది.

రసూల్ సాహెబ్ వాటికి తొట్టి కట్టిచ్చాడు. నాలుగు వైపులా అద్దం, అడుగున టేకుచెక్క, అతుకులకు లప్పం. మొదటిరోజే ఒక మూల కారింది. "నేను కట్టే పటాల్లో నీళ్లుండవు గదమ్మా, ఇదే మొదలు" అని ఇంకోసారి లప్పం పెట్టాడు. నీచువాసన వస్తుందని హెడ్మిస్ట్రెస్ తొట్టిని బడిలో పెట్టనివ్వలేదు. వసారాలోనే జానెడు మందాన ఏటి ఇసుక పోసి, నీళ్లు నింపి ఉంచాం. పిల్లలు రోజూ సాయంత్రం వచ్చి చూసినదంతా ఒక పుస్తకంలో రాసేవాళ్లు.

జులై సగంలో ఏరు వచ్చింది. కర్నూలంతా ఎర్రనీళ్లే. నేను రోజూ పొద్దున తొట్టిలో సగం నీళ్లు తీసి, కావడివాడు తెచ్చిన ఎర్రనీళ్లు పోసి బడికి వెళ్లేదాన్ని. సాయంత్రం వచ్చి చూస్తే తొట్టి కొబ్బరినీళ్లలా తేటగా ఉండేది. నా సంతోషం అంతా ఇంతా కాదు. ఆల్చిప్ప నీళ్లు లోపలికి పీల్చి, అందులోని నలుసులు తిని, తేటనీళ్లు బయటికి వదులుతుందని నేను పుస్తకంలో చదివాను. ఇప్పుడు కళ్లారా చూస్తున్నాననుకున్నాను. "ఆల్చిప్పలు మిక్కిలి ఆరోగ్యముగా ఉన్నవి. ఒక్క పూటలో తొట్టి నీరంతయు వడగట్టినవి" అని పిల్లల చేత రాయించాను. ఎదురింటివాళ్లను కూడా పిలిచి చూపించాను.

పదిరోజులకు ఒకటి చచ్చిపోయింది. చిప్పలు తెరుచుకుని ఉన్నాయి. వేలితో తట్టితే మూసుకోలేదు. వేడికేమో అనుకుని తొట్టిని గోడనీడకు జరిపి, చుట్టూ తడిగోనె కట్టాను. ఇంకొకటి పోయింది. ఎవరైనా సబ్బుచెయ్యి పెట్టారేమోనని పిల్లల మీద అరిచాను. ఒక పిల్ల ఏడ్చింది. మరో మూడు పోయాయి. మిగిలిన ఏడూ ఇసుకలోకి దిగకుండా పైనే వాలిపోయి పడున్నాయి. ఇన్‌స్పెక్షన్‌కు పద్నాలుగు రోజులే ఉన్నాయి. నాకు అన్నం సయించలేదు. మౌలాబీ అడిగే "తిన్నావా?"కు జవాబు చెప్పడం కూడా మానేశాను.

ఒకరోజు తలనొప్పి వచ్చి మధ్యాహ్నమే ఇంటికొచ్చాను. వసారాలో మౌలాబీ తొట్టి ముందు కూర్చుని ఉంది. చేతిలో చిన్న సానరాయి. దాని మీద చిల్లగింజ అరగదీసి, ఆ గంధాన్ని తొట్టిలో కలుపుతోంది. ఏరొచ్చిన రోజుల్లో మా సీమలో ఏ ఇంటి కడవలోనైనా చేసే పనే అది. గింజ గంధం కలిపితే బురదంతా ముద్దగట్టి అడుక్కి దిగుతుంది, పైన తేటనీళ్లు నిలుస్తాయి. నేను తాగే నీళ్లూ ఆమె అట్లా తేర్చినవే.

"పెద్దమ్మా, ఏం చేస్తాండావు?"

"ఏముందే. నువ్వు పోసిపోయే నీళ్లు గొడ్లు గూడా తాగవు. ఇంటికొచ్చిన మెహమాన్లకు బురదనీళ్లు పెడతామా? నువ్వు సదువుకున్నదానివి, నీకు తీరిక ల్యాకపోతే నేనన్నా చూడొద్దా? దినామూ నేనే తేరుస్తాండా. అడుగున దిగిన బురద గూడా గుడ్డతో ఎత్తి పారబోస్తాండా."

గొంతుదాకా వచ్చిన అరుపు అక్కడే ఆగిపోయింది. తప్పెవరిదో ఆ క్షణంలోనే తెలిసింది నాకు. ఊరంతా ఎర్రనీళ్లు తాగుతుంటే నా తొట్టి ఒక్కటే ఎందుకు తేటగా ఉందని, బీఎస్సీ చదివిన నేను ఒక్కసారైనా అడిగానా? ఇంట్లోనే ఉన్న మనిషిని అడిగితే అరనిమిషంలో చెప్పేది. ఆకలితో చచ్చేవాటిని చూసి ఆరోగ్యంగా ఉన్నాయని పిల్లల చేత రాయించాను. సిగ్గుపడి ఆమె పక్కనే మెట్టు మీద కూర్చున్నాను.

నలుసులే వాటి తిండి అని మెల్లగా చెప్పాను. మౌలాబీ సానరాయి పక్కన పెట్టి, "అయితే నేను కడిగిన పళ్లెం ముందర బెట్టి, తినమన్నట్ల" అంది. కొంగు కళ్లకు అద్దుకుంది.

మర్నాటి నుంచి వాటి బాగోగులు ఆమే చూసుకుంది. కాలువ మెట్ల దగ్గర పాచిపట్టిన చోటు నుంచి పచ్చటి నీళ్లు బిందెతో తెచ్చేది. మరీ ముతక బురదైతే కాసేపు నిలవనిచ్చి పైన మసగ్గా ఉన్నదే పోసేది. మొదటి రెండు రోజులూ ఏమీ కాలేదు. మూడోనాడు నేను బడిలో ఉండగా రసూల్ సాహెబ్ అంగడి మూసి మరీ వచ్చాడు. "అమ్మా, ఒకటి కాలు దించింది. చెప్పిరమ్మని మా ఇంటామె కూర్చోనీకుండా తరిమింది" అన్నాడు. వారం తిరిగేసరికి ఏడూ ఇసుకలోకి దిగి, చివర మాత్రం పైకి పెట్టి, హాయిగా నీళ్లు పీలుస్తున్నాయి.

ఇన్‌స్పెక్షన్ రేపనగా హెడ్మిస్ట్రెస్ పుస్తకం తెప్పించుకుని చూసింది. "మిక్కిలి ఆరోగ్యముగా ఉన్నవి అని ఒక పేజీ, చచ్చిపోయింది అని మరో పేజీ. ఈ పేజీలు చించెయ్యి కృపమణీ. నీ మేలు కోరే చెబుతున్నా" అంది. అబద్ధమెందుకు, నాకూ చించెయ్యాలనే ఉంది. ఆ పేజీలు పోతే నేను గొప్ప టీచర్ని.

సాయంత్రం పుస్తకం ఒళ్లో పెట్టుకుని వసారాలో కూర్చున్నాను. పదకొండు మంది పిల్లల చేతిరాత. సబ్బు నింద పడి ఏడ్చిన పిల్ల చేతిరాత కూడా అందులోనే ఉంది. పేజీలు చించితే ఆ పిల్ల మొహం ఎట్లా చూడాలి? కలం తీసి, ఐదో చావు కింద "కారణము: టీచరు విచారింపకపోవుట. నీటిలో చిల్లగింజ కలియుట" అని రాశాను.

"ఏం రాస్తాండావు?" అంది మౌలాబీ. చదివి వినిపించాను.

"చిల్లగింజ దానంతట అదే నడిసొచ్చి కలిసిందా? నా చేత్తో చేసిన పని. నా పేరు రాయి."

"వద్దులే పెద్దమ్మా. రేపు పెద్దవాళ్లు చదువుతారు."

"చదవనీ. మంచి చెయ్యాలనుకొని చెడగొట్టినా. దొంగతనమేం చెయ్యలేదు గదా. రాయి."

రాశాను.

మర్నాడు తొట్టిని జట్కాలో తీసుకెళ్లాం. సగం నీళ్లు తీసేసినా గతుకు వచ్చినప్పుడల్లా తొణికేది. మౌలాబీ బురఖాలో దానికి ఎదురుగా కూర్చుని రెండు చేతులతో పట్టుకుంది. బడి చేరేసరికి ఆమె ఒళ్లంతా తడిసింది. ఒక్క ఆల్చిప్ప కూడా పక్కకు ఒరగలేదు.

ఇన్‌స్పెక్ట్రెస్ గారు మాట తక్కువ మనిషి. తొట్టి చూసింది. "నీళ్లు ఇంత మురికిగా ఉన్నాయేం?" అంది. హెడ్మిస్ట్రెస్ నా వైపు చూసింది. నేను పుస్తకం చేతికిచ్చాను. ఆమె మొదటి నుంచి ఒక్కో పేజీ తిప్పుతూ, ఐదో చావు దగ్గర ఆగింది.

"ఈ మౌలాబీ ఎవరు?"

తలుపు దగ్గర నిలబడ్డ మౌలాబీ ముందుకొచ్చి ముసుగు పైకి తీసింది. "నేనే తల్లీ. ఐదింటిని చంపింది నేనే. టీచరమ్మది తప్పు ల్యాదు."

"ఎట్లా చంపావో చెప్పు."

మౌలాబీ తొట్టి దగ్గర వంగింది. "ఈడ చూడు తల్లీ, రెండు సందులు ఉండాయి. కింది సందులోంచి నీళ్లు లోపలికి పోతాయి, పై సందులోంచి బయటికొస్తాయి. నడుమ ఉండే నలుసే దీనికి అన్నం. మనకు మురికి, దానికి కూడు. అది తెలియక నేను తేర్చి పోసినా. కింద ఇసక జానెడు ఉండాల, లేకుంటే కాలు దింపుకోనీకి చోటుండదు. ఎండ తగలగూడదు, తడిగోనె కట్టాల. నీళ్లు సగమే మార్చాల, అంతా మారిస్తే బెదురుతాది. సచ్చినదాన్ని ఒక పూట గూడా ఉంచగూడదు, మిగతావాటికి విషం. తట్టితే మూసుకునిందా, బతికినట్ల." ఆమె వేలితో తట్టింది. ఆల్చిప్ప మూసుకుంది.

ఇన్‌స్పెక్ట్రెస్ గారు వంగి, తనూ ఇంకొకదాన్ని తట్టింది. అదీ మూసుకుంది. ఆమె మొహంలో నవ్వు మొదటిసారి అప్పుడే చూశాను.

"ఎంతవరకు చదువుకున్నావమ్మా?"

"నేనా? వేలిముద్ర."

ఇన్‌స్పెక్ట్రెస్ గారు హెడ్మిస్ట్రెస్ వైపు తిరిగింది. "చూపించడానికి బతికినవి అన్ని బళ్లలోనూ పెడతారు. చచ్చినవాటి లెక్క ఎవరూ రాయరు. ఈవిడకు వసారాలో ఇంత నేర్పగలిగిన సైన్సును మీ పిల్లలకు ఎందుకు ఆపాలి?" అని విజిటు పుస్తకంలో నాలుగు వాక్యాలు రాసి సంతకం పెట్టింది. నాలుగో ఫారంలో సైన్సు సాగాలి. తొట్టి ఇకమీదట బడిలోనే ఉండాలి.

పిల్లలు ఒకర్నొకరు పట్టుకుని గెంతారు. హెడ్మిస్ట్రెస్ కూడా, అంతా తను అనుకున్నట్టే జరిగినట్టు, తొట్టిని తన గది పక్కనే వరండాలో పెట్టించింది. సంబరంలో నాకు ఇంకేదీ గుర్తుకు రాలేదు. జట్కా ఎక్కాక చూశాను. మౌలాబీ ఒళ్లో తడిగోనె ఒక్కటే ఉంది. గెలిచింది నేను, ఇల్లు ఖాళీ అయింది ఆమెకు. ఆ రాత్రి "తిన్నావా?" అని నేనే అడిగాను. తలూపింది. తినలేదని నాకు తెలుసు.

మర్నాడు సైన్సు గంట మొదలైంది. నేను బోర్డు మీద బొమ్మ గీస్తున్నాను. వాకిట్లో అలికిడైంది. మౌలాబీ, చంకలో పచ్చటి కాలువనీళ్ల బిందెతో నిలబడి ఉంది. "పొద్దెక్కుతాండాది, వాటికి ఆకలయితాది" అంది, ఎవరైనా వెళ్లిపొమ్మంటారేమోనని అటూ ఇటూ చూస్తూ.

బెంచీలు కిర్రుమన్నాయి. టీచరు లోపలికొస్తే లేచినట్టు, పదకొండు మంది పిల్లలూ లేచి నిలబడ్డారు. నేను అప్పటికే నిలబడి ఉన్నాను. అయినా ఇంకోసారి లేచి నిలబడాలనిపించింది.