చప్పుడు లేని కారు

“కారన్నాక గొంతుండాలి” అంటాడు ఆమె భర్త. ఇంట్లో ఎలక్ట్రిక్ కారు ప్రస్తావన వచ్చినప్పుడల్లా ఇదే మాట. “సెల్‌ఫోన్‌లా ప్లగ్గు పెట్టుకునేదాన్ని కారంటారా? మిక్సీ అంటారు.” ఈ జోకు చుట్టాల దగ్గర వేశాడు, ఆఫీసువాళ్ల దగ్గర వేశాడు, చివరికి పాత కారు బాగుచేసే మెకానిక్ దగ్గర కూడా వేశాడు. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. నవ్వకపోతే ఏమవుతుందో ఆమెకు తెలుసు.

అతను మనసు పడింది పెట్రోలు సెడాన్ మీద. అదీ మామూలుది కాదు, తొక్కితే రివ్వున దూసుకుపోయే రకం. వెనక రెండు పొగగొట్టాలు, సింహం గొంతు సవరించుకున్నట్టు ఒక గుర్రు. ఆమె మనసు పడింది ఎలక్ట్రిక్ కారు మీద. ఆమె పనిచేసే ఆసుపత్రి సెల్లార్లో ఉద్యోగుల కార్లకు ఛార్జింగ్ ఏర్పాటు చేశారు. పెట్రోలు ఖర్చుండదు, పొగ ఉండదు. ఇవన్నీ పైకి చెప్పిన కారణాలు. చెప్పనిది ఇంకొకటుంది. ఆ కారుకి గేర్లు మార్చే పని లేదు. ఆమెకు పెళ్లికి ముందే లైసెన్సు వచ్చింది గానీ, పెళ్లయ్యాక అతను స్టీరింగు ముట్టుకోనివ్వలేదు. “నీ చేతికిస్తే గేర్లు అరిగిపోతాయి” అని ఒకటే పాట. ల్యాబ్‌లో రక్తం తీసే చేతులు ఆమెవి. గుక్కపట్టి ఏడ్చే పసిపిల్లల చేతిలో దారప్పోగంత నరం వెతికి సూది దించుతుంది. ఆ చేతులకు గేరు మార్చడం రాదట. అసలు గేర్లే లేకపోతే ఏం అరిగిపోతుందో చూద్దామని ఆమె పట్టు.

ఇప్పుడున్న పాత కారు కూడా పెట్రోలుదే. సాయంత్రం డ్యూటీ దిగి వచ్చి ఆరిన బట్టలు మడతపెడుతున్నప్పుడు ఆమె చేతులు బట్టల మీదుంటాయి, చెవులు వీధి మీదుంటాయి. సందు మలుపులో కారు మామూలుగా తిరిగితే ఆ పూటకు గండం గడిచినట్టే. గేరు తగ్గించి ఇంజన్ని అరిపిస్తూ తిరిగితే ఆఫీసులో ఎవరో అతన్ని ఒక మాట అన్నారన్నమాట. ఆ మాట వడ్డీతో సహా ఇంటికొస్తోందన్నమాట. గేటు ముందు ఇంజన్ కట్టేసి, తలుపు తెరవకుండా లోపలే కూర్చున్నాడా, ఇక ఆ రాత్రికి గండం తప్పనట్టే. మలుపుకీ గేటుకీ మధ్య దొరికే ఆ కాస్త వ్యవధిలో టీవీ కట్టేస్తుంది, గుమ్మంలో చెప్పులు పక్కకు నెడుతుంది, కుర్చీ మీద తువ్వాలు తీసేస్తుంది, ఉన్న ముఖం దాచేసి మామూలు ముఖం పెట్టుకుంటుంది. పద్నాలుగేళ్ల కూతుర్ని ఒకప్పుడు ఆ సమయానికి స్నానానికి తరిమేది. ఇప్పుడు ఆ అవసరం లేదు, పిల్లే వెళ్లి కుళాయి తిప్పుకుంటోంది. చెప్పకుండానే పనులు చేసుకునే వయసొచ్చిందని ఆమె మురిసిపోయింది.

“మావాడి కోపం పాలపొంగమ్మా, ఇట్టే పొంగి అట్టే చల్లారిపోతుంది” అంటుంది అత్తగారు. పొంగిన పాలు పొయ్యి మీద, గట్టు మీద, నేల మీద తుడిచేదెవరో ఆవిడ ఎప్పుడూ చెప్పలేదు. “అన్నయ్య బంగారం. వదినే కాస్త కనిపెట్టుకుని ఉండాలి” అంటుంది ఆడపడుచు. ఇంతకంటే కనిపెట్టుకుని ఉండటం ఏ మనిషికైనా సాధ్యమా? అతను చెయ్యి చేసుకున్న రోజులు తక్కువే. చేసుకుంటాడేమోనని బిక్కుబిక్కుమంటూ గడిపిన రోజులే ఆమె కాపురమంతా.

“అంతగా పోరుతున్నావుగా, ఒకసారి చూపించేస్తే నీ సరదా తీరిపోతుంది” అని ఒక ఆదివారం పొద్దున తల్లినీ పిల్లనీ షోరూంకి తీసుకెళ్లాడు. రెండు రకాల కార్లూ అక్కడే ఉన్నాయి. అద్దాల గోడలు, జారిపోయేంత నున్నటి నేల, మూలన కాఫీ మిషను. అలాంటి చోట అతను వేరే మనిషి. సేల్స్‌మన్‌ని “బ్రదర్” అని భుజం తట్టాడు, ఆమె ఎక్కేదాకా కారు తలుపు తెరిచి పట్టుకున్నాడు. ఇంట్లో పులి, వీధిలో పిల్లి అంటారు. ఈ పులి వీధిలో పిల్లి కూడా కాదు, పెళ్లికొడుకు.

ముందు ఎలక్ట్రిక్ కారు ఎక్కారు. సేల్స్‌మన్ అతని పక్కన, తల్లీకూతుళ్లు వెనక. వెక్కిరించడానికే ఎక్కిన అతను మీట నొక్కి, “ఏదీ, స్టార్టయ్యిందా?” అన్నాడు.

“ఎప్పుడో అయింది సార్, మీదే ఆలస్యం.”

రోడ్డెక్కి పెడల్ మీద కాలు ఆనించాడో లేదో, నలుగురూ సీట్లకు అతుక్కుపోయారు. పక్కన చెట్లు పరిగెత్తాయిగానీ కార్లో చప్పుడన్నది లేదు. “అరె, దీని పికప్ ముందు ఆ సెడాన్ బలాదూర్!” అన్నాడతను, మిక్సీ సంగతి మర్చిపోయి. ఆమె కూతురి చెయ్యి పట్టుకుని కూర్చుంది.

షోరూం ఆవరణలోకి రాగానే, “మీరు దిగండి, ఇంకో చుట్టు తిప్పుకొస్తా” అన్నాడు. సేల్స్‌మన్‌తో కలిసి వెళ్లాడు. తల్లీకూతుళ్లు గోడవారన పూలకుండీలు చూస్తూ నిలబడ్డారు. పక్కనున్న మెయిన్ రోడ్డు రొదలో ఆమె ఏదో చెబుతోంది, పిల్ల ఊ కొడుతోంది. పిక్కలకు ఏదో తగిలినట్టయి ఆమె వెనక్కి తిరిగింది. కారు ముందు భాగం ఆమె కాళ్లను ఆనుకుని ఉంది. కిటికీలోంచి తల బయటపెట్టి అతను పగలబడి నవ్వుతున్నాడు.

“చూశావా? వీపు మీదకొచ్చినా తెలీలేదు! ఇక నేను లేనప్పుడు తల్లీకూతుళ్లు ఇంట్లో ఏం వెలగబెడుతున్నారో చూడొచ్చు.”

అదిరిపడ్డ సేల్స్‌మన్ కూడా సర్దుకుని నవ్వాడు. “నడిచేవాళ్ల కోసం చిన్న హమ్మింగ్ ఉంటుంది సార్. ఇంట్లో ఉన్నవాళ్లకైతే అస్సలు డిస్టర్బెన్స్ ఉండదు.”

“ఇదే తీసుకుందాం” అన్నాడతను దిగుతూ. “నీ మాటే నెగ్గింది. సంతోషమేనా?”

నెగ్గింది. నెలల తరబడి పోరి నెగ్గించుకున్న మాట. ఇక సాయంత్రాలు ఎలా ఉంటాయో ఆమెకు కనిపించింది. గేటు ముందుకి కారు ఎప్పుడొచ్చిందో తెలీదు. తలుపు తెరుచుకునే సరికి టీవీ మోగుతూ ఉంటుంది, చెప్పులు గుమ్మంలోనే ఉంటాయి, పిల్ల ఎదురుగా సోఫాలో ఉంటుంది, ఆమె ముఖం మీద ఏ ముఖం ఉందో ఆమె చేతుల్లో ఉండదు. కోరి కొరివితో తల గోక్కోవడమంటే ఇదే. ఆ సెడాన్ అయితే రెండు వీధుల అవతల నుంచే గుర్రుమంటుంది, కానీ అది కొంటే ఆ స్టీరింగు జన్మలో తన చేతికి రాదు. ఒక కారులో తన చేతులు పోతాయి, ఇంకో కారులో తన చెవులు పోతాయి. ముందు నుయ్యి, వెనక గొయ్యి. చేతులు లేకుండా ఇన్నేళ్లు గడిపింది, చెవులు లేకుండా ఒక్క సాయంత్రం గడపలేదు.

“ఏమండీ, ఆ పెట్రోలుదే బాగుంటుందేమో” అంది.

“ఇన్నాళ్లూ చెవిలో జోరీగలా రొద పెట్టి, ఇప్పుడిదేంటి?” అతని పెదాలు నవ్వుతూనే ఉన్నాయి. కళ్లలో నవ్వు లేదు.

“అదీ ఒకసారి నడిపి చూడండి సార్, తేడా తెలుస్తుంది” అని సేల్స్‌మన్ అడ్డుపడ్డాడు. ఇద్దరూ సెడాన్‌లో వెళ్లారు. తల్లీకూతుళ్లు లోపలికొచ్చి సోఫాలో కూర్చున్నారు.

“మంచి పని చేశావమ్మా. పెట్రోలుదే కొనిపించు” అంది పిల్ల.

“నీకెందుకే? ఏదైతేనేం?”

“అదైతే సందు మొదట్లోనే తెలిసిపోతుందిగా.”

“ఏం తెలుస్తుంది?”

పిల్ల తల్లి వైపు చూడలేదు. “నాన్న ఎలా వస్తున్నాడో. గేరు తగ్గించి తిప్పితే నేను బాత్రూంలోకి వెళ్లిపోతా. కారాపి లోపలే కూర్చుంటే గడియ పెట్టేసుకుని కుళాయి మొత్తం తిప్పేస్తా. అప్పుడేమీ వినపడదు. నువ్వేడ్చినా వినపడదు.”

ఆమె ఇన్నాళ్లూ వింటున్నది తనొక్కతే అనుకుంది. పిల్లని తప్పించానని, పిల్లకేమీ తెలీదని, ఆ ధీమాతోనే ఇన్నేళ్లు నెట్టుకొచ్చింది. ఇక్కడ చూస్తే తల్లీకూతుళ్లిద్దరూ కూర్చుని కారు ఎంచుకుంటున్నారు, దాక్కోవడానికి ఏది ఎక్కువ వ్యవధి ఇస్తుందో చూసుకుని. లోకంలో జనం రంగు చూస్తారు, మైలేజీ చూస్తారు. తను పిల్లకి లెక్కలు నేర్పింది, ఈత నేర్పింది, ఇది నేర్పలేదే! నేర్పకుండానే వచ్చేసింది. రేపు ఇంకే ఇంట్లోనో, ఇంకెవరి కారు కోసమో, ఈ పిల్ల బట్టలు మడతపెడుతూ వీధి మీద చెవి వేసి కూర్చుంటుంది. ఆమెకు ఒళ్లంతా భయం పాకింది. ఆ భయం వెనకే, ఎన్నడూ లేనంత కోపం వచ్చింది.

ల్యాబ్‌లో తన పై అధికారికి ఫోన్ చేసింది. ఒంటరిగా ఉండే పెద్దావిడ. ఒకసారి ఆమె మణికట్టు మీద కమిలిన మచ్చ చూసి, ఏమీ అడక్కుండా, “మా ఇంట్లో ఒక గది ఖాళీ, తెలుసుగా” అంది. ఆ రోజు తను “మెట్ల మీద జారానండీ” అని అబద్ధం చెప్పింది.

“మేడమ్, ఆ గది...” అని ఇప్పుడు ఆగిపోయింది.

“ఎక్కడున్నారు? నేనొస్తున్నా” అంది ఆవిడ.

పిల్ల అంతా విని, “నా పుస్తకాలో?” అంది.

“మళ్లీ కొనుక్కుందాం.”

పిల్ల తల్లికి దగ్గరగా జరిగి కూర్చుంది.

అతను తిరిగొచ్చాడు, ముఖం వెలిగిపోతూ. సేల్స్‌మన్ ట్యాబ్ పట్టుకుని, “ఏది ఖాయం చేద్దాం మేడమ్?” అన్నాడు.

“ఆవిడనే అడుగు బ్రదర్. మా ఇంట్లో ఆవిడ మాటే ఫైనల్” అన్నాడతను, చుట్టూ ఉన్నవాళ్లకు వినపడేలా.

ఆమె లేచి నిలబడింది. “మీకేది నచ్చితే అది కొనుక్కోండి. అందులో మేమిద్దరం ఎక్కం.”

అతను నవ్వేశాడు. సేల్స్‌మన్ నవ్వాలో లేదో తెలియక ట్యాబ్ వంక చూసుకున్నాడు. అతను దగ్గరకొచ్చి, చూసేవాళ్లకు ముద్దుగా అనిపించేలా ఆమె భుజం మీద చెయ్యి వేసి, గొంతు తగ్గించాడు. “తమాషాలొద్దు. ఇంటికెళ్లాక మాట్లాడుకుందాం.”

ఆమె ఆ చెయ్యి తీసి పక్కన పెట్టింది. షోరూంలో అన్ని బల్లల దగ్గరా తలలు తిరిగేంత గట్టిగా అంది:

“ఇంటికి రావడం లేదు కాబట్టే ఇక్కడ మాట్లాడుతున్నాను.”